సంతకానికి ముందే బయల్దేరే ఓడ

ముక్కు కొస చల్లబడి మీకు మెలకువ వస్తుంది. ఫిబ్రవరి నెల, తెల్లవారుజామున మూడు గంటలు. బయట మైనస్ ముప్ఫై డిగ్రీలు, దానికి తోడు ఈదురుగాలి. మీరున్నది కెనడా ఉత్తరాన, బాఫిన్ దీవిలో, నూనావుట్ ప్రాంతానికి రాజధాని అయిన ఇకాలుయిట్‌లో. ఇల్లు మీ సొంతం. పక్క వాటా అద్దెకిచ్చారు. ఈ ఇంటినీ, అందులో అద్దెకున్నవాళ్ళనీ నేను ఊహించి మీ చేతిలో పెడుతున్నాను. ఊరు మాత్రం ఉన్నదే, చలి ఉన్నదే. ఈ ఏడాది పొడవునా మీరు మోయబోయే ఖర్చులూ కాగితాలూ అక్కడి ఇళ్ళవాళ్ళు మోస్తున్నవే.

గోడ వారన, నేలకు దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. వేడినీళ్ళు పారే గొట్టం గోరువెచ్చగా మాత్రమే ఉంది. బాయిలర్ ఆగిపోయింది. కోటు తగిలించుకుని, టార్చి పట్టుకుని, బాయిలర్ ఉన్న చిన్న గదిలోకి వెళ్తారు. ఎర్ర బటన్ నొక్కుతారు. మోటారు తిరుగుతుంది, టిక్ టిక్‌మంటూ నిప్పురవ్వలు రేగుతాయి, మంట మాత్రం అందుకోదు. ఇంకోసారి నొక్కుదామని చెయ్యి లాగుతుంది. వద్దు. మండకుండా లోపల చేరిన నూనె తర్వాత ఒక్కసారిగా అంటుకుంటే ప్రమాదం. బర్నర్ మెకానిక్‌కి ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి, ఎదురుచూడటమే.

ఎదురుచూస్తున్నప్పుడు మీ ధ్యాసంతా కాళ్ళ కింద ఉంటుంది. మీ ఇల్లు నేలకు ఆని లేదు. ఉక్కు స్తంభాల మీద ఎత్తుగా నిలబడి ఉంది. ఇక్కడి నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. ఇంటి వేడి తిన్నగా నేలలోకి దిగితే ఆ గడ్డ కరిగి, పునాది కుంగి, గోడలు బీటలిస్తాయి. అందుకని ఇంటికీ నేలకీ మధ్య గాలి ఆడాలి. ఆ గాలే ఇప్పుడు మీ ఇంటిని అడుగునుంచి చల్లబరుస్తోంది. కొన్ని గంటలు ఇలాగే గడిస్తే గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి, గొట్టాలు చిట్లుతాయి. ఊళ్ళోవాళ్ళు దీన్ని ఫ్రీజప్ అంటారు. ఒక్క ఫ్రీజప్‌తో ఇల్లు ఏడాదిపాటు మూతపడొచ్చు.

తలుపు తట్టిన చప్పుడు. పక్క వాటా ఆమె. చంకలో చిన్నది, వెనక పెద్దవాడు.

"మా వైపు కూడా చల్లబడిపోయిందండీ."

"పిల్లల్ని లోపలికి తీసుకురండి. అమ్మగారిని కూడా తీసుకురండి. అందరం ఒకే గదిలో ఉందాం."

అందరూ వస్తారు. ఆమె, ఇద్దరు పిల్లలు, వాళ్ళమ్మ, రాత్రి డ్యూటీ చేసి అప్పుడే నిద్రకు వచ్చిన తమ్ముడు. రెండు పడగ్గదుల వాటాలో ఐదుగురు. ఆ తమ్ముడు పగలు పడుకునే సోఫా మీదే రాత్రిళ్ళు పెద్దవాడు పడుకుంటాడు. మీరేమీ అనరు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఇలా వంతులవారీగా పడుకుంటున్నారో మీకు తెలుసు. ఉత్తరాది ఇనూయిట్ ప్రాంతాల్లో సగం మందికి పైగా ఇనూయిట్లు ఇరుకిళ్ళలోనే ఉంటున్నారని జనాభా లెక్కలే చెబుతున్నాయి. మూసిన కిటికీలు, అందరి ఊపిరి, గోడల మీద చెమ్మ, ఆ చెమ్మలో నల్లటి బూజు, ఆ బూజులో పిల్లల దగ్గు. ఎప్పుడో తగ్గిపోయిందని దేశం మొత్తం మరిచిపోయిన క్షయ ఇక్కడ ఇంకా ఇంటింటికీ పాకుతోందంటే కారణాల్లో ఇల్లు మొదటి వరసలో ఉంటుంది.

దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాక పెద్దావిడ మెల్లగా మాట్లాడుతుంది. ఇనుక్టిటుట్‌లో ఆవిడ చెప్పింది కూతురు మీకు చెబుతుంది. వాళ్ళ నాన్నకి మొట్టమొదటి చెక్క ఇల్లు దొరికినప్పుడు ఆవిడకు ఏడేళ్ళట. అంతకుముందు వేట సాగిన చోటల్లా వాళ్ళ బస. 1950ల చివర్లో, 60లలో కెనడా ప్రభుత్వం ఇనూయిట్ కుటుంబాలను బడుల కోసం, ఆస్పత్రుల కోసం అంటూ ఒకచోట కుదురుకోమంది. 1959లో అప్పు పథకం మీద ఇళ్ళమ్మింది. ఒకటే గది, అగ్గిపెట్టె ఇళ్ళని పేరు పడ్డవి. వేట మీద బతికేవాళ్ళు నెలనెలా కిస్తీ కట్టగలరా? కట్టలేకపోయారు. 60ల మధ్యకొచ్చేసరికి ప్రభుత్వమే అద్దె ఇళ్ళ పథకం తెచ్చింది. అద్దె నామమాత్రమేనని ఊళ్ళోకి రప్పించి, తర్వాత పెంచుకుంటూ పోయారన్న బాధ పెద్దలు చాలామంది చెప్పుకున్నారు. కికిక్తానీ సత్య కమిషన్ ముందు ఆ వాంగ్మూలాలు నమోదయ్యాయి కూడా. పెద్దావిడ కోపంగా చెప్పదు. ఆ ఇంట్లో గాలి ఎటునుంచి వచ్చేదో చేత్తో చూపిస్తుంది.

ఏడున్నరకు మెకానిక్ వస్తాడు. గదిలో అప్పటికి ఆరు డిగ్రీలు. అతను ఫిల్టర్ విప్పి, టార్చి వెలుగులో మీ అరచేతిలో పెడతాడు. గోధుమరంగు బురద, తుప్పు పొడి.

"బాయిలర్‌కేం కాలేదు. బయట నూనె ట్యాంకు తుప్పు పట్టింది. ఈ శీతాకాలం గడిపేస్తారేమో గానీ, వచ్చే శీతాకాలానికి ట్యాంకు మార్చాల్సిందే."

మంట అంటుకుంటుంది. గొట్టం వేడెక్కుతుంది. పిల్లలు నిద్రలోకి జారుకుంటారు. ఈ చలిలో ఆమె వాటాలో వేడి ఉంచడం చట్టప్రకారం మీ బాధ్యత. ఆ బాధ్యత మొత్తం ఇప్పుడు ఇంటి వెనక నిలబడ్డ ఒక తుప్పు ట్యాంకు మీద ఆధారపడి ఉంది.

వెలుగొచ్చాక ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఈ ఊళ్ళో కొన్ని ఇళ్ళకు వేడి చేసిన గొట్టాల్లో నీళ్ళొస్తాయి. మిగతా ఇళ్ళకు ట్రక్కే దిక్కు. మీది ట్రక్కు ఇల్లు. లోపల నీళ్ళ ట్యాంకు, అడుగున మురుగు ట్యాంకు. ఒక ట్రక్కు మంచినీళ్ళు నింపుతుంది, మరో ట్రక్కు మురుగు తోడుకుపోతుంది. మురుగు ట్యాంకు నిండితే నీళ్ళ పంపు దానంతటదే ఆగిపోతుంది. చాలా ఇళ్ళకు బయట ఒక దీపం ఉంటుంది, ట్రక్కువాళ్ళకు గుర్తుగా. మంచు తుఫాను రెండు రోజులు పట్టిందంటే ట్రక్కులు కదలవు. అప్పుడు రెండు వాటాలవాళ్ళూ స్నానాలు మానుకుని, గిన్నెలు కడగకుండా పెట్టుకుని కూర్చోవాలి. విద్యుత్తు డీజిల్ జనరేటర్ల నుంచి. నూనావుట్‌లో 25 ఊళ్ళున్నాయి, 25కీ డీజిలే. ఊరి నుంచి ఊరికి రోడ్డు లేదు. రైలు లేదు. ఒట్టావా నుంచి విమానంలో మూడు గంటలు. ఆ విమానంలో నూనె ట్యాంకు రాదు. వచ్చినా, దాని రవాణా ఖర్చు ట్యాంకు ధరను మించిపోతుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇక్కడ కట్టడం ఒక ఎత్తయితే, కట్టినదాన్ని నిలబెట్టుకోవడం అంతకు రెండింతలు.

మార్చి వస్తుంది. ట్యాంకు మార్పిడికి సాయం ఉందని మీకు తెలుసు. నూనావుట్ హౌసింగ్ కార్పొరేషన్ సొంతింటివాళ్ళకు నడిపే పథకాల్లో నూనె ట్యాంకు మార్పిడికి ఒకటుంది. ఇంటి బాగుచేతకు ఇంకొకటి, అత్యవసర మరమ్మతులకు మరొకటి, కొనేవాళ్ళకు తొలి చెల్లింపు సాయం ఒకటి. ఇవి ఉండటం మంచి విషయం. ట్యాంకు కారి నూనె నేలలోకి ఇంకితే ఆ మట్టి తవ్వి శుభ్రం చేయించే ఖర్చు ఇంటివాళ్ళను ముంచేస్తుంది. పాత ట్యాంకుందంటే బీమా కంపెనీలు వెనకాడతాయి. బీమా లేకపోతే బ్యాంకు అప్పు కదలదు. ఒక ట్యాంకు పోతే దాని వెనకే బీమా, దాని వెనకే అప్పు, చివరికి ఇల్లూ పోవచ్చు.

దరఖాస్తు కోసం బల్ల మీద కాగితాలు పరుస్తారు. ఆదాయం రుజువు, బీమా రుజువు, ఇంటి హక్కు రుజువు. ఆ మూడోదాన్ని కొంచెం ఆగి చూడండి. ఇల్లు మీ పేరున ఉంది. కింద స్థలం మీ పేరున లేదు. అది నగరానిది, మీది లీజు.

మన దగ్గర పట్టా చేతికొస్తే తప్ప సొంతిల్లన్న ధీమా రాదు. అందుకే ఈ లీజు మాట వినగానే చాలామంది బయటివాళ్ళు తొందరపడతారు, స్థలం అమ్మేస్తే సమస్య తీరుతుంది కదా అంటారు. ఇక్కడి జనాన్ని రెండుసార్లు అడిగారు. 1993 నాటి నూనావుట్ ఒప్పందం ప్రకారం ఊరి స్థలాలు అమ్మాలంటే ముందు జనం ఓటేసి ఒప్పుకోవాలి. 1995లో వద్దన్నారు. 2016 మే నెలలో మళ్ళీ అడిగారు. ఇకాలుయిట్‌తో సహా ఊళ్ళన్నీ మళ్ళీ వద్దన్నాయి. నేల ఒకసారి చేతులు మారితే డబ్బున్నవాళ్ళ దగ్గరకే చేరుతుందన్నది ఆ ఓటు వెనకున్న భయం. నా మటుకు నాకు ఆ భయం నిజమైనదే అనిపిస్తుంది. జీతాలు పెద్దవైన బయటి ఉద్యోగులు, బయటి కంపెనీలు ఉన్న ఊళ్ళో స్థలాలు బజారులో పెడితే మొదట కొనేది పెద్దావిడ మనవలు కాదు. కాబట్టి విధానం రాసేవాళ్ళు జనం రెండుసార్లు మూసిన తలుపును మళ్ళీ కొట్టడం మానాలి. లీజునే బ్యాంకు నమ్మే పత్రంగా మార్చాలి. గడువు ఇంకా చాలా ఏళ్ళుండగానే పొడిగింపు రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పు గడువు కంటే లీజు గడువు ఎప్పుడూ ఎక్కువుండాలి, పేరు మార్పిడి వారాల్లో తేలాలి. మీ లీజులో ఇంకా ఎన్నేళ్ళున్నాయో వేలితో లెక్కపెట్టి, కాగితం మడిచి కవరులో పెడతారు.

బ్యాంకు పనికి మీకు నడిచి వెళ్తే చాలు. అదీ ఒక అదృష్టమే. 25 ఊళ్ళలో బ్యాంకు శాఖ అన్నది చాలాకాలంగా ఇకాలుయిట్, రాంకిన్ ఇన్‌లెట్, కేంబ్రిడ్జ్ బే, ఈ మూడింటికే పరిమితం. మిగతా ఊళ్ళలో ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు ఒకటి, కట్టాక అమ్మితే వచ్చేది ఒకటి. కొనేవాడే ఉండడు కాబట్టి ఇల్లు తాకట్టుగా పనికిరాదు. కెనడా మొత్తం మీద మూడింట రెండు కుటుంబాలు సొంతింట్లో ఉంటే, నూనావుట్‌లో సుమారు ఐదింట ఒకటి. ఆ ఒకటి కూడా ఎలా నిలబడిందో చూడాలి. 1980లలో, ఈ ప్రాంతం ఇంకా వాయువ్య ప్రాంతాల్లో (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) భాగంగా ఉన్నప్పుడు, ప్రభుత్వం సామాను పంపితే కుటుంబమే దగ్గరుండి కట్టుకునే పథకం ఒకటి నడిచింది. మేకులు, పలకలు, కిటికీలు, అన్నీ ఓడలో దిగేవి. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి వేసవి వెలుగులో రాత్రీ పగలూ కట్టేవారు. ఆ ఇళ్ళకు ఇప్పుడు నలభై ఏళ్ళొచ్చాయి. కట్టినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. వాటి కిటికీలు, బాయిలర్లు, ట్యాంకులు ఒకే కాలంలో చేతులెత్తేస్తున్నాయి.

ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. మీ దరఖాస్తు ఆఫీసులో ఉంది. మే నెలలో పలకరిస్తే పరిశీలనలో ఉందంటారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ట్యాంకు చూడాలి, రెండు కొటేషన్లు కావాలి. ఆఫీసులోని అమ్మాయి మర్యాదగా మాట్లాడుతుంది. ఆమె చేతిలో ఉన్నంత చేస్తోంది కూడా. తప్పు ఆమె బల్ల మీద లేదు.

జూన్‌లో పొద్దు దాదాపు గుంకదు. ఊరి ముందున్న అఖాతంలో మంచు ఇంకా తెల్లగా పరుచుకునే ఉంది, అంచుల్లో మాత్రం నీలంగా చీలుతోంది. ఇదే సమయానికి రెండువేల కిలోమీటర్లకు పైగా దక్షిణాన, మాంట్రియల్ పక్కన వాలీఫీల్డ్, సెయింట్ కాథరీన్ రేవుల్లో, వేసవి ఓడల్లో ఉత్తరాదికి రావలసిన ఈ ఏడాది సామానంతా పెట్టెల్లోకి ఎక్కుతోంది. ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, సామాను రేవుకు చేర్చడానికి ఒక్కో ఓడకూ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. మీకిప్పుడు రెండు దారులు. సొంత డబ్బు పెట్టి ట్యాంకు తెప్పించుకోవచ్చు, కానీ మంజూరుకు ముందే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందని ఎవరూ మాటివ్వరు. లేదా సంతకం కోసం ఆగొచ్చు. ఈ నెల కిస్తీ, నూనె బిల్లు, నీళ్ళ బిల్లు, స్థలం లీజు, బీమా అన్నీ కాగితం మీద కూడుతారు. ఆగుతారు.

ఆగస్టు. ఊరంతా సముద్రపు ఒడ్డున ఉంది. మీరూ వెళ్ళండి. ఈ అఖాతంలో ఆటుపోట్ల తేడా పది మీటర్లు దాటుతుంది. తరాల తరబడి ఓడ దూరంగా లోతు నీళ్ళలో ఆగేది, సామాను బార్జిల మీదకు దించేవారు, పోటు సమయం చూసుకుని టగ్గులు వాటిని ఒడ్డుకు తోసేవి, నీళ్ళు వెనక్కి తగ్గేలోపు లోడర్లు ఉరుకులు పరుగుల మీద దించుకునేవి. 2023లో ఇకాలుయిట్‌లో లోతు రేవు తెరిచాక ఇక్కడ ఆ హైరానా తగ్గింది. మిగతా ఊళ్ళలో ఎక్కువ చోట్ల ఇప్పటికీ అదే పద్ధతి. కంటైనర్లు, చెక్క పెట్టెలు, స్నోమొబైళ్ళు, ఏడాదికి సరిపడా పిండి, డైపర్లు, కిటికీ అద్దాలు. చల్లటి ఉప్పుగాలిలో డీజిల్ పొగ వాసన. లోడరు వెనక్కి వచ్చేటప్పటి బీప్ బీప్ శబ్దం. పిల్లలు పెట్టెల మీది పేర్లు చదువుతున్నారు.

మీ పక్కింటాయనకు ట్యాంకు వచ్చింది. కొత్తది, రంగు మెరుస్తోంది. ఆయన ప్రభుత్వ ఉద్యోగి, జీతం బాగుంది, క్రెడిట్ కార్డు మీద ముందే తెప్పించుకున్నాడు. మీరు ఆయన్ని చూసి చెయ్యి ఊపుతారు.

మూడు రోజుల తర్వాత మీకు ఉత్తరం వస్తుంది. దరఖాస్తు మంజూరైంది.

ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం నిలబడండి. ఇది తిరస్కరణ కాదు. డబ్బు ఉంది, పథకం ఉంది, మీకు అర్హత ఉంది, అధికారి సంతకం ఉంది. ట్యాంకు మాత్రం వచ్చే వేసవి దాకా రాదు. సీజను ఆఖరి ఓడలో చోటు దొరుకుతుందేమో అని నాలుగు ఫోన్లు చేస్తారు. సరఫరాదారు దగ్గర సరుకు లేదంటాడు. అక్టోబరు దాటితే అఖాతం మళ్ళీ మంచుతో మూసుకుంటుంది. ఉత్తరాది ఇళ్ళ విధానంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఉత్తరమే. ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. బడ్జెట్ క్యాలెండరు ఒట్టావాను చూసి నడుస్తోంది, బతుకు క్యాలెండరు సముద్రపు మంచును చూసి నడుస్తోంది. రెండింటి మధ్యా ఇరుక్కున్న ఇంటికి ఒక శీతాకాలం నష్టం.

సెప్టెంబరులో ఇంకో ఉత్తరం. ఒక ఆఫీసు వాళ్ళు మీ పక్క వాటాను లీజుకు అడుగుతున్నారు. దక్షిణాది నుంచి కొత్త ఉద్యోగి వస్తోంది, ఇల్లు చూపిస్తే తప్ప ఉద్యోగంలో చేరదు. అద్దె నెలనెలా ఖాతాలో పడుతుంది, ఖాళీగా ఉన్న నెలలకూ పడుతుంది. ఇకాలుయిట్‌లో రెండు పడగ్గదుల అద్దె సగటున నెలకు 2,700 డాలర్ల పైమాటే. పక్క వాటా ఆమె అంత ఇవ్వలేదు, మీరూ అంత తీసుకోవడం లేదు.

ఈ ఊళ్ళో ప్రైవేటు అద్దె ఇళ్ళలో పెద్ద భాగం ఇలాగే ప్రభుత్వాలు, సంస్థలు తమ ఉద్యోగుల కోసం మూకుమ్మడిగా తీసుకున్నవి. టీచరు కావాలి, నర్సు కావాలి, వాళ్ళకు ఇల్లు కావాలి, కాదనలేం. కానీ దానివల్ల జరుగుతున్నది కూడా చూడాలి. అద్దె రేటును జేబులో జీతమున్న మనిషి కాకుండా ఖజానా ఉన్న సంస్థ నిర్ణయిస్తోంది. దుకాణంలో పనిచేసే ఇనూయిట్ తల్లికి మిగిలేది ప్రభుత్వ అద్దె ఇంటి వరస మాత్రమే. ఆ వరసలో ఏళ్ళు గడుస్తాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం నూనావుట్ కుటుంబాల్లో 32.9 శాతం తగిన ఇల్లు లేక ఇబ్బందిలో ఉన్నాయి. దేశం మొత్తానికి ఆ సంఖ్య 10.1. ఇంకో చిక్కు, ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న ఇనూయిట్ యువతి ఆ ఉద్యోగం మానాలనుకుంటే, పిల్లలతో ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న మొదట వస్తుంది.

రాత్రి ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి చూస్తుంటారు. గోడ అవతల చిన్నది నవ్వుతున్న శబ్దం వినిపిస్తోంది. చట్టం అద్దెకున్నవాళ్ళకు కొంత రక్షణ ఇస్తుంది. ఏడాదికి ఒకసారికి మించి అద్దె పెంచకూడదు, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇష్టం వచ్చినట్టు గెంటేయకూడదు, వివాదమొస్తే అద్దె వివాదాల అధికారి దగ్గరకు వెళ్ళాలి. ఆ రక్షణ ఉండాల్సిందే. అయితే ఒక్క వాటా అద్దెకిచ్చే మీలాంటి చిన్న యజమానిని నిలబెట్టేది ఎక్కడా కనిపించదు. బాగుచేత పథకాలు ప్రధానంగా యజమాని తానుంటున్న ఇంటి కోసం రాసినవి. పక్క వాటా కిటికీ పగిలితే అది మీ వ్యాపారం కిందికి పోతుంది. పెద్ద కంపెనీకి వందల వాటాలుంటాయి, సొంత మెకానిక్కులు, గిడ్డంగిలో విడిభాగాలు ఉంటాయి, ఒక వాటా దెబ్బతిన్నా మిగతావి మోస్తాయి. మీకు ఒక్క ఫ్రీజప్ చాలు. స్థానిక కుటుంబానికి తక్కువ అద్దెకు ఇస్తున్నందుకు మీకు దక్కుతున్నది ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు లేదు. చిన్న యజమానులు ఒక్కొక్కరే సంస్థల లీజు వైపు వెళ్ళిపోతుంటే వాళ్ళను దురాశాపరులని నేను అనలేను.

మీరు ఉత్తరానికి వద్దని జవాబు రాస్తారు. ఈసారికి రాశారు. వచ్చే ఏడాది బాయిలర్ కూడా పోతే మళ్ళీ అలాగే రాయగలరో లేదో మీకే తెలియదు. ఒక కుటుంబం తలదాచుకోవడం యజమాని మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు.

2022 అక్టోబరులో నూనావుట్ ప్రభుత్వం 2030కల్లా మూడు వేల ఇళ్ళు కడతామని ప్రకటించింది. అందులో దాదాపు సగం ప్రభుత్వ అద్దె ఇళ్ళు. కట్టాలి, ఇంకా ఎక్కువ కట్టాలి. 1993లో కెనడా కేంద్ర ప్రభుత్వం కొత్త సామాజిక గృహాలకు డబ్బు ఆపేసిన నాటి నుంచి పేరుకుపోయిన లోటు ఇది. 2017లో సెనేట్ కమిటీ నివేదిక కూడా ఈ దుస్థితిని దేశం ముందు పెట్టింది. కానీ కొత్త ఇంటికి రిబ్బను కడతారు, లెక్కలో ఒకటి పెరుగుతుంది. ఫ్రీజప్‌తో మూతపడిన పాత ఇల్లు, సంస్థ లీజులోకి వెళ్ళిపోయిన పక్క వాటా ఏ ప్రకటనలోనూ తీసివేతగా కనిపించవు. ఇక్కడ ఒక కొత్త ప్రభుత్వ ఇంటికి టెండర్లలో వస్తున్న ధరలు పది లక్షల డాలర్ల దాకా వెళ్తున్నాయి. ఒక ట్యాంకు, ఒక బాయిలర్, నాలుగు కిటికీలతో ఇంకో ఇరవై ఏళ్ళు నిలబడే ఇంటిని వదిలేసి, ఆ ధర పెట్టి కొత్తది కట్టడం ఎవరి లెక్కలోనైనా నష్టమే.

అక్టోబరు చివర. మొదటి మంచు పడింది. మెకానిక్ వచ్చి పాత ట్యాంకుకు కొత్త ఫిల్టర్ బిగించి, ఇంకో రెండు ఫిల్టర్లు మీ చేతికిచ్చి ఎలా మార్చాలో నేర్పుతున్నాడు. పక్క వాటా తమ్ముడు పక్కన నిలబడి శ్రద్ధగా చూస్తున్నాడు. ఎలా చేయాలో తనకూ చూపించమంటాడు. రాంకిన్ ఇన్‌లెట్‌లో 2010 నుంచి వృత్తి శిక్షణ కేంద్రం ఉందని, బర్నర్ మెకానిక్ పని నేర్చుకోవచ్చని మెకానిక్ చెబుతాడు. అక్కడ ఉండటానికి ఇల్లు దొరుకుతుందా అని ఆ కుర్రాడు అడుగుతాడు.

విధానం రాసే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఈ ఇంటి కోసం చేయగలిగింది చాలా ఉంది, అందులో ఎక్కువ భాగానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మరమ్మతు నిధులను ఏడాదికేడాది కాకుండా మూడేళ్ళకు ఒకేసారి కేటాయిస్తే ఏప్రిల్ కోసం ఆగే పనుండదు. ఇన్‌స్పెక్టర్ శీతాకాలానికి ముందే ట్యాంకులు చూసి రాసుకోవచ్చు. ప్రమాణానికి సరిపోయే ట్యాంకులు, పంపులు, బర్నర్ భాగాలు కార్పొరేషనే ప్రతి వేసవీ కొన్ని అదనంగా తెప్పించి ఊళ్ళో గిడ్డంగిలో ఉంచి, మంజూరైనవాళ్ళకు ఇవ్వొచ్చు. స్థానిక కుటుంబానికి ఒప్పుకున్న అద్దెకు కొన్నేళ్ళపాటు ఇస్తానని రాసిచ్చిన యజమానికి ఆ వాటా మరమ్మతుకూ సాయం ఇవ్వాలి, సంస్థల లీజుకు ఇచ్చే భరోసానే అక్కడా ఇవ్వాలి. ఇవన్నీ ఒక్కసారే కుదరకపోతే ఒక్కటి మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఉత్తరాది ఊళ్ళలో ఇంటి మరమ్మతుకు దరఖాస్తుల గడువు అక్టోబరులో ముగియాలి, మంజూరు జనవరిలో చేతికి రావాలి. ఆగస్టులో వచ్చిన మంజూరుకు ఓడ ఉండదు.